నెత్తళ్లు, పోగు నూరు

నెలలో ఒక వారం నేను రాజాం బజారంతా తిరిగి, దాదాపు ఏమీ కొనకుండా అన్నిటి ధరలూ అడిగి వస్తాను. ఇది నాకున్న జబ్బు కాదు, ఉద్యోగం. ప్రభుత్వమే జీతమిచ్చి అడిగిస్తోంది. కాకపోతే కాంట్రాక్టు జీతం, ఏడాదికోసారి ఎవరో ఒకరు సంతకం పెడితేనే ఆ తర్వాతి ఏడాది ఉంటుంది.

మొదట్లో బజారు నన్ను చూడగానే మొహం తిప్పుకునేది. కందిపప్పు ఎంత అని అడిగి, చెప్పింది రాసుకుని, చక్కా పక్క వీధిలోకి పోయే ఆడమనిషిని ఎవరు మాత్రం భరిస్తారు? ఒక కిరాణా కొట్టాయనైతే నేను మెట్టెక్కక ముందే "వచ్చీసింది తల్లి, కొనదు, ఎల్లదు" అని పైకే అనేవాడు. నా చేతిలో ఫారం చూసి కొందరు కల్తీ పట్టేవాళ్లనుకున్నారు, కొందరు తూకాల వాళ్లనుకున్నారు. ఒకాయన జనాభా లెక్కలనుకుని, నేను ఉల్లిపాయల ధర అడిగితే ఇంట్లో ఐదుగురమని చెప్పాడు.

నేను చేసే పనికి వెనక వినియోగదారుల ధరల సూచీ అనే పెద్ద పేరుంది. పేరుకి భయపడక్కర్లేదు. జనం మామూలుగా ఏమేం కొంటారో ముందు ఒక సర్వే చేసి తేల్చుకుంటారు. ఆ జాబితాని బుట్ట అంటారు. బియ్యం, చేపలు, సబ్బు, చొక్కా, బస్సు టిక్కెట్టు, డాక్టరు ఫీజు, క్షవరం, అన్నీ ఆ బుట్టలోవే. ఏదో ఒక సంవత్సరాన్ని ఆధార సంవత్సరం అనుకుని, ఆ ఏడాది ఈ బుట్ట నింపడానికైన ఖర్చుని వంద అంటారు. ఇప్పుడు అదే బుట్ట నింపడానికి నూట పది అయితే సూచీ నూట పది. ఇంతే సంగతి. ఈ మాత్రం దానికి టీవీలో కోట్లేసుకున్న వాళ్లు గంటల తరబడి అరుచుకుంటారు.

ఇందులో ప్రాణమంతా "అదే" అన్న ముక్కలో ఉంది. అదే కొట్టు, అదే సరుకు, అదే రకం, అదే కొలత. పోయిన నెల సోనా మసూరి అడిగి ఈ నెల వేరే బియ్యం అడిగితే, మారింది ధరా బియ్యమా అన్నది ఎవడికీ తెలియదు. కొలత మరీ ముఖ్యం. ఒకసారి ఒక సబ్బు ధర ఏమీ మారలేదని కొట్టాయన ఒట్టేసి చెప్పాడు. నేను కవరు తిప్పి చూశాను. బరువు పాతిక గ్రాములు తగ్గిపోయింది. ధర అలాగే ఉంచి సబ్బుని చెక్కేశారు దొంగ సచ్చినాళ్లు! అది ధర పెరిగినట్టే లెక్క. నేను అలాగే రాశాను. పై ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఫోన్ వచ్చింది. ఆ తర్వాత నెల రోజులు ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేకపోయారు, అంత పొగరెక్కింది నాకు.

ఇంట్లో అంటే మా ఆయన, మా మావయ్య. మా ఆయన పనిచేసే జూట్ మిల్లు గేటుకి తాళం పడి రెండేళ్లు దాటింది. పని ఎక్కడ దొరికితే అక్కడికి పోతాడు, దొరకని రోజు వంట చేస్తాడు. కాబట్టి ఇల్లు నడిచేది నా కాంట్రాక్టు మీద, మావయ్య పింఛను మీద. మావయ్య రిటైరైన సోషల్ మాస్టారు. రోజూ పేపరు మొత్తం చదివి, అందులో ఉన్న తప్పులన్నిటికీ నన్ను బాధ్యురాలిని చేస్తాడు.

"ద్రవ్యోల్బణం తగ్గింది" అని పేపర్లో వచ్చిన రోజు మా ఇంట్లో కాఫీలు చల్లారిపోయేవి.

"ఏటి తగ్గిందే కోడలా? నాకు సూపించు. టమాటా తగ్గిందా, మందుబిళ్ల తగ్గిందా? నువ్వే గదా రాసి పంపిస్తన్నావు?"

"మావయ్యా, పెళ్లయిన మొదటి ఏడు నేను ఐదు కిలోలు పెరిగాను. రెండో ఏడు రెండు కిలోలు పెరిగాను. పెరగడం తగ్గింది కదా?"

"తగ్గింది."

"మరి నా జాకెట్లు వదులయ్యాయా?"

ఆయన ఎప్పుడూ నా జాకెట్ల గురించి ఆలోచించిన మనిషి కాదు కాబట్టి కాస్త ఇబ్బంది పడి, "నేదు" అన్నాడు.

"ద్రవ్యోల్బణం కూడా అంతే. పోయినేడు ఇదే నెలతో పోలిస్తే ధరలు ఎంత వేగంగా పెరిగాయన్నదే ఆ లెక్క. వేగం తగ్గిందంటే ధర తగ్గినట్టు కాదు."

"అయితే 'ఇంకా పెరుగుతన్నాయి, కాసింత మెల్లిగా' అని రాయొచ్చు గదా ఎదవలు!"

నిజమే, అలా రాస్తే పోయేదేమీ లేదు.

ఇంకో రోజు బుట్టలో చేపలకి ఎంత భారం ఇచ్చారని అడిగాడు. భారం అంటే జనం మొత్తం ఖర్చులో ఆ వస్తువుకి పోయే వాటా. బియ్యం మీద ఎక్కువ ఖర్చు పెడతారు కాబట్టి బియ్యం ధర కదిలితే సూచీ బాగా కదులుతుంది. అగ్గిపెట్టె ధర రెట్టింపైనా సూచీకి దోమ కుట్టినట్టు కూడా ఉండదు. చేపలది చిన్న వాటా అని చెప్పాను. మావయ్యకి కోపం వచ్చింది. ఆయన బుట్టలో సగం చేపలు, పావు బీపీ బిళ్లలు, మిగతాది పేపరు.

"ఈ లెక్క ఎవరిదే?"

"సగటు కుటుంబానిది."

"ఆళ్ల ఇల్లెక్కడ?"

"ఎక్కడా లేదు మావయ్యా."

"అదీ సంగతి. ఎక్కడా నేనోళ్ల కోసం లెక్కేసి, ఉన్నోళ్ల డీఏ కొట్టేస్తన్నారు."

ఆయన పింఛను మీద వచ్చే డీఏ, అంటే కరువు భత్యం, కట్టేది ఈ సూచీని బట్టి కాదు, కార్మికుల కోసం వేసే వేరే సూచీని బట్టి అని కనీసం ఇరవైసార్లు చెప్పుంటాను. వినడు. డీఏ తక్కువ వచ్చిన ప్రతిసారీ నేను బజార్లో ఏదో పొరపాటు చేసొచ్చినట్టే నావైపు చూస్తాడు.

అసలు గొడవ నెత్తళ్ల దగ్గర, అంటే వేలెడంత ఉండే సముద్రపు చేపల దగ్గర వచ్చింది. నేను పది రోజులు పొందూరులో మా అమ్మ దగ్గర ఉండొచ్చాను. ఆ పది రోజుల్లో మావయ్య స్వయంగా బజారుకెళ్లి రెండుసార్లు నెత్తళ్లు కొన్నాడట. నేను గుమ్మంలో చెప్పులు విప్పకముందే మొదలెట్టాడు.

"నూరు రూపాయల పోగు ఇంతే ఉన్నాది. సగం అయిపోనాది. ఇది నీ కాయితంలో ఎక్కిందా?"

"లేదు మావయ్యా. ఎక్కడానికి ఏముంది? పోగు అరకిలో ఉంటోంది, ధర నూరు. ఏడాది నుంచీ అంతే."

"అంటే నాన్సెప్పింది అబద్ధమా?"

"మీరు తూచారా?"

"నా కళ్లు తూసినాయి."

"నేను కాటాతో తూచాను" అన్నాను. సబ్బు పట్టుకున్న దాన్ని నాకా చెప్తున్నాడు! ఆ రోజు ఆయన అన్నంలో చారు తప్ప ఏదీ వేసుకోలేదు.

నేను తూచిన మాట నిజమే. చిన్న చేపల్ని మా దగ్గర కిలో లెక్కన అమ్మరు. గోనెపట్టా మీద పోగులు పెడతారు, పోగు నూరు అంటారు. నా ఫారంలో పోగుకి గడి లేదు కాబట్టి, నెలకో పోగు కొని, ఇంటి దగ్గర కాటా మీద పెట్టి, కిలో ధరగా మార్చి రాస్తాను. కొనేది ఎప్పుడూ ఒకావిడ దగ్గరే. ఫారంలో ఎంపికైన అమ్మకందారు ఆవిడే. సముద్రం ఒడ్డు ఊరి నుంచి పొద్దున్నే తోటివాళ్లతో కలిసి ఆటోలో గిన్నెలేసుకుని వస్తుంది. నేను పిన్నీ అంటాను. బజారంతా నన్ను చూసి మొహం తిప్పుకున్న రోజుల్లో ఆవిడ ఒక్కతే "ఏటే అమ్మీ, ఎండలో పడి తిరుగుతన్నావు, ఇలా నీడకొచ్చి కూకో" అంది. నీళ్లిచ్చింది. నా ఉద్యోగం ఏమిటో అడిగి, నేను చెప్పిందంతా విని, "అంటే మా రేటు డిల్లీ దాకా ఎల్తాదా!" అని పక్కనున్న ఆడవాళ్లందరికీ చాటింపు వేసింది. అప్పటి నుంచి నేను కనబడితే చాలు, నా పోగు తీసి ఇచ్చేది. నేను బేరం ఆడేదాన్నే కాదు.

నా కాంట్రాక్టు సంతకానికి వచ్చిన నెలలో మా పైఅధికారి తనిఖీకి వచ్చాడు. నెమ్మదైన మనిషి, సంచి ఎప్పుడూ భుజాన్నే ఉంటుంది. తనిఖీ అంటే, నేను రాసిన ధరలు మళ్లీ అడిగి, నాదీ తనదీ కలుస్తున్నాయా చూడటం. ఎక్కడైనా బాగా తేడా వస్తే ఇంట్లో కూర్చుని రాసేసినట్టే లెక్క. అలా రాసిన వాళ్లని ఇంటికి పంపేస్తారు. పంపేసిన వాళ్లని నేను చూశాను. అయినా ఆ రోజు నేను భయపడలేదు. నావన్నీ కొలిచి రాసినవే.

బియ్యం కలిసింది, పప్పు కలిసింది, సబ్బు కలిసింది. క్షవరం కూడా కలిసింది. చేపల బజారుకి మాత్రం ఆయన నాకంటే ముందు ఒక్కడే వెళ్లి, పిన్ని దగ్గర మామూలు మనిషిలా నూరు రూపాయల నెత్తళ్లు కొనుక్కుని పక్కన నిలబడ్డాడు. నేను వచ్చాను. పిన్ని నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకుని, పట్టా మీదున్న పోగుల్ని ముట్టుకోకుండా, వెనక తడిగుడ్డ కప్పిన గిన్నెలో చెయ్యి పెట్టి నా పోగు తీసింది. ఆ గిన్నెని నేను అన్ని నెలలూ చూస్తూనే ఉన్నాను. అది ఎందుకు వేరేగా ఉందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఆయన సంచిలోంచి కొక్కెం కాటా తీసి రెండు కవర్లూ తగిలించాడు. నాది అరకిలో మీద కాస్త. ఆయనది మూడొందల గ్రాములు. రెండిటి ధరా నూరే. నేను కిలో రెండొందలని రాస్తున్న నెత్తళ్లు బజార్లో మూడొందలు దాటి ఎన్నాళ్లయిందో దేవుడికే తెలియాలి.

"ఏటి బాబూ తూస్తన్నావు?" అంది పిన్ని, ఏమాత్రం తడబడకుండా. "అది ఊరోళ్ల పోగు. ఇది మా అమ్మి పోగు. రెండూ ఒకలాగ ఎందుకుంటాయి?"

"ఎప్పటి నుంచి పిన్నీ?" అన్నాను.

"సానా నాళ్లయినాది. డీజిలు పెరిగిపోనాది, అయిసు పెరిగిపోనాది, ఆటోవోడు మనిషికో రేటు, గిన్నెకో రేటు అంతన్నాడు. నూరు మీద రూపాయి సెప్తే జనం ఎల్లిపోతారు. అందుకని పోగు తగ్గించీసినాను. నీకెలాగ తగ్గిస్తానే? నీ కాయితం పైకెల్తాది గదా. ఈ గుంటకి బజార్లో ఇంతే ఇచ్చినారని పెద్దోళ్లు సూస్తే నీకెంత నామోషీ!"

అంటే నా పోగు నాకిచ్చిన పరువు. దాన్నే నేను నెలనెలా కిలో లెక్కకి మార్చి, దేశం ధర అని పంపుతూ వచ్చాను. పాతిక గ్రాములు కొట్టేసిన సబ్బుని పట్టుకున్న దాన్ని, రెండొందల గ్రాములు ఎక్కువ పోసిన మనిషిని పట్టుకోలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అధికారి నన్ను పక్కకి పిలిచాడు. "ఇంట్లో కూర్చుని రాయలేదని అర్థమైంది. కానీ మనం రాయాల్సింది ఎవరొచ్చినా దొరికే ధర. మీ ఒక్కరికే దొరికేది అభిమానం. దానికి మన ఫారంలో గడి లేదు" అన్నాడు. వచ్చే మంగళవారం మళ్లీ వస్తానన్నాడు. ఈలోగా సరైన ధర, పాత ధరల మీద సంజాయిషీ సిద్ధం చేయాలి. అవి చూశాకే సంతకం.

నేను చేయాల్సింది చాలా చిన్న పని. పిన్ని దగ్గరికి వెళ్లి, "నాకూ ఊరోళ్ల పోగే ఇయ్యి పిన్నీ, నా ఉద్యోగానికి అదే కావాలి" అని అడగాలి. రెండు రోజులు నోరు రాలేదు. ఆవిడ ఏమంటుందో అని కాదు, ఆవిడ మొహంలో నవ్వు ఎలా పోతుందో ముందే కనబడి.

మూడో రోజు మావయ్యకి చెప్పేశాను. ఆయనే సరిగ్గా చెప్పాడని, నేనే తప్పని ఒప్పుకున్నాను. గంటసేపు దెప్పుతాడనుకున్నాను. ఐదు నిమిషాలే దెప్పాడు. తర్వాత కళ్లజోడు తుడుచుకుంటూ, "ఈ మాత్రం దానికి ఏడుపెందుకే? నీ పోగు మానీ, నా పోగు తూయ్. ఆవిడకి నాను తెల్దు గదా" అన్నాడు.

నాకు ఎంత హాయి అనిపించిందో! నేను అడగక్కర్లేదు, ఆవిడ నొచ్చుకోనక్కర్లేదు, ధర ధరలాగే వస్తుంది. ఆఫీసు పద్ధతి ప్రకారం కూడా తప్పు లేదు. ఇంత తెలివైన మావయ్యని ఇన్నాళ్లూ డీఏ దగ్గర తిట్టుకున్నానే అనుకున్నాను.

మంగళవారం పొద్దున్న అధికారి ముందే వచ్చేశాడు. ఆయన కొక్కెం కాటా నా చేతికిచ్చాక, మేమిద్దరం ఎండుచేపల వరస వెనక నిలబడ్డాం. మావయ్య గొడుగు పట్టుకుని, ముక్కూ మొహం తెలియని మనిషిలా పిన్ని దగ్గరికి వెళ్లాడు. నూరు ఇచ్చాడు. పట్టా మీద పోగు ఎత్తి ఆవిడ కవర్లో వేసింది. అక్కడితో అయిపోవాల్సిందే. మాస్టారు గదా, నిరూపణ అయ్యాక క్లాసుకి చెప్పకపోతే నిద్ర పట్టదు. కవరు జెండాలాగ పైకెత్తి, బజారు దద్దరిల్లేలా అరిచాడు.

"సూసినావా కోడలా! నాన్సెప్పినాను గదా! మూడొందల గ్రాములు కూడా నేవు!"

పిన్ని ఆయన్ని చూసింది. ఆయన చూస్తున్న వైపు చూసింది. నేను కాటాతో సహా కనబడ్డాను.

"ఈయన మీ మావా?"

నేను తల ఊపాను.

"మీ మావని పంపించి నన్ను పరీచ్చ సేసినావేటే?" గొంతు పెంచలేదు. పెంచుంటే బావుండేది. "ఫలానా అని సెప్పుంటే ఆయనకీ మనోళ్ల పోగే ఏసేదాన్ని గదే."

నేను వివరం చెప్పబోయాను. ఆధారం, కొలత, ఎవరొచ్చినా దొరికే ధర అని మొదలెట్టేసరికి ఆవిడ ఇంకో మనిషికి పోగు ఎత్తుతోంది. అధికారి మావయ్య కవరు తూచి, రాసుకుని, నా సంజాయిషీ చదివి, సంచిలోంచి కాగితం తీసి నా కాంట్రాక్టు మీద అక్కడే సంతకం పెట్టాడు. నేనేడుస్తుంటే సంతోషమనుకున్నాడు.

తర్వాతి నెల మళ్లీ ధరల వారం వచ్చింది. కావాలని అందరికంటే ముందు పిన్ని దగ్గరికి వెళ్లాను. "పిన్నీ, ఎలాగున్నావు?" అన్నాను. "బాగున్నాను" అంది. వెనక తడిగుడ్డ గిన్నె లేదు. పట్టా మీద నుంచి ఒక పోగు ఎత్తి కవర్లో వేసింది. ఇన్నాళ్లూ పోగు మీద అడగకుండానే పడే కొసరు గుప్పెడు కూడా పడలేదు. నేను ఇంకా నిలబడే ఉంటే తలెత్తి చూసింది.

"నూరు రూపాయలు, మేడమ్."

ఇచ్చాను. ఇంటికొచ్చి తూచాను. మూడొందల గ్రాములు సరిగ్గా ఉన్నాయి. ఫారంలో రాశాను. చేపల గడిలో ఇంత సరైన అంకె నేను ఎప్పుడూ రాయలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మావయ్య గిన్నె మూత తీసి, గరిటెతో అడుగు దాకా వెతికాడు.

"ఏటే కోడలా, ఇంతేనా? ఈయేల మీ పిన్ని రానేదేటి?"

"వచ్చింది మావయ్యా" అన్నాను. "నన్ను మేడమ్ అంది."

ఆయన గరిటె గిన్నెలో వదిలేసి, చారు గిన్నె తన ముందుకి లాక్కుని, నెత్తళ్లన్నీ నా కంచం వైపు జరిపాడు.